మూడు దాటి నిలబడ్డ ముప్పావు

పోయిన నెల గుంటూరు నుంచి వస్తుంటే, నడికుడి ఇంకాస్త దూరం ఉందనగా రైలు ఎందుకో ఆగింది. కిటికీలోంచి చూస్తే పట్టాల పక్కన ఒకాయన నిచ్చెన వేసుకుని, కరెంటు స్తంభం మీద పాతబడిన నంబరును కొత్త రంగుతో దిద్దుతున్నాడు. పైన ఒక సంఖ్య, మధ్యలో గీత, కింద ఇంకో సంఖ్య. నేను గట్టిగా నవ్వేశాను. ఎదురు సీటులో వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న ఆవిడ ఉలిక్కిపడి, "ఏందమ్మా, బానే ఉన్నావా?" అంది. బాగానే ఉన్నాను. ఆపా గుర్తొచ్చింది, అంతే. మనిషి పోయి రెండు చలికాలాలు దాటాయి, గుర్తొస్తే కళ్ళు చెమ్మగిల్లాలి కదా. నాకు మాత్రం ప్రతిసారీ నవ్వే ముందు వస్తుంది, ఏం చెయ్యను.

ఆపా అంటే అక్క. ముస్లింల ఇళ్ళల్లో పిలిచే ఆ పిలుపునే మా సందు మొత్తం వాడేది, ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళతో సహా. మాది రైల్వే క్వార్టర్ల వెనక సందు. ఆమె భర్త బజారులో మోటార్లకు వైండింగ్ చేసే షాపు నడిపేవాడు, ఆయన అందరికీ భాయ్. ఆపా సాయంత్రాలు చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పేది. అప్పట్లో ఐదో తరగతి చదువుతున్న నా కూతురు కూడా ఆమె వరండాలోనే కూర్చునేది. మా ఆయన రైల్వేలో కీమ్యాన్. పట్టాలు బిగువుగా ఉన్నాయో లేదో చూసుకుంటూ రోజూ కిలోమీటర్ల కొద్దీ నడిచే ఉద్యోగం.

ఆపా గొంతు ముందు, మనిషి తర్వాత. స్టేషన్‌లో మైకు చెప్పే రైళ్ళ కబురు మా సందులోకి వినపడేది కాదు గానీ, ఆపా చెప్పే తొమ్మిదో ఎక్కం ప్లాట్‌ఫాం మీదికి వినపడుతుందని మా ఆయన అనేవాడు. ఉత్సాహం వస్తే ఆమె అరచేత్తో నుదురు కొట్టుకునేది. ఆ చేతిలో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది కాబట్టి సాయంత్రానికి నుదురంతా తెల్లగా అయ్యేది. ఇక ఆ ఇంట్లో పాలు కాచుకుని తాగిన రోజులకంటే పొంగిపోయిన రోజులే ఎక్కువ. పొయ్యి మీద గిన్నె పెట్టి వచ్చి, ఎవరో పిల్లకి లెక్క తెగుతుంటే అక్కడే కూలబడిపోయేది. సందులో మాడిన పాల వాసన వస్తే మేము ముక్కు మూసుకుని, "ఆపా ఇంట్లో ఎవరికో లెక్క తెగినట్టుంది" అనుకునేవాళ్ళం.

ఒప్పు రాసిన పిల్లల్ని ఆమె పెద్దగా పట్టించుకునేది కాదు. "షాబాష్, పోయి ఆడుకో" అని పంపేసేది. తప్పు రాసినవాళ్ళకి ముందు వరసలో చోటు. "తప్పు చేసినోళ్ళు ముందుకి రండి! దాచుకోబాకండి, చూపించండి" అని పలకలు లాక్కుని, ఆ తప్పు ఎక్కణ్ణుంచి పుట్టిందో వెతుక్కుంటూ పోయేది. ఆ వెతుకులాటలో ఆమె మొహం చూడాలి. పోయిన చెవిదిద్దు చీపురుకి తగిలినట్టు వెలిగిపోయేది. ఒకసారి ఒక తండ్రి ట్యూషన్ గుమ్మంలోనే కొడుకుని తప్పు రాశాడని నెత్తిన మొట్టాడు. ఆపా చెప్పులు కూడా వేసుకోకుండా ఆ మనిషిని సందు చివరిదాకా తరిమింది. "వాడి తప్పు నాకు కావాలయ్యా! నువ్వు మొట్టితే అది లోపలికి పోయి దాక్కుంటది, మళ్ళీ నేనెట్టా బయటికి తీసేది?" అని అరిచింది. ఆయన ఆ తర్వాత చాలాకాలం వేరే దారిలో తిరిగాడు.

ఆమెకి ఒక పిచ్చి ఉండేది. సంఖ్య అంటే కాగితం మీద గీత కాదు, దానికి ఒక చోటు ఉండాలి. గుమ్మం నుంచి వంటింటి గోడదాకా వరండా గచ్చు మీద సుద్దతో పొడుగ్గా గీత గీసి, పెద్ద అడుగుకొకటి చొప్పున సున్నా నుంచి ఐదుదాకా గుర్తులు పెట్టేది. ఆమె ఒక సంఖ్య చెప్తే పిల్లలు వెళ్ళి దాని మీద నిలబడాలి. "సున్నాకీ ఒకటికీ మధ్యన ఏముందిరా?" అని అడిగేది. పిల్లలు ఏమీ లేదనేవాళ్ళు. "ఊళ్ళకి ఊళ్ళే ఉన్నయ్! మీరు ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆగకుండా దాటేస్తన్నారు. దిగండి, దిగి చూడండి" అనేది. నిజంగానే ఆ మాటకి పిల్లలు కిందికి వంగి గచ్చు వంక చూసేవాళ్ళు.

ఇక్కడ మా రైల్వే ఇళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మా లైనుకి కరెంటు వచ్చాక పట్టాల పక్కన వరసగా స్తంభాలు లేచాయి. ప్రతి స్తంభానికీ ఒక నంబరు. పైన ఉండేది కిలోమీటరు, కింద ఉండేది ఆ కిలోమీటరులో అది ఎన్నో స్తంభం అన్నది. మా ఆయన అన్నం తింటూ, "ఇయ్యాల నలభై ఐదు బై పన్నెండు కాడ ఎండ చంపేసింది" అంటాడు. అంటే నలభై ఐదో కిలోమీటరు దాటాక పన్నెండో స్తంభం. క్వార్టర్లలో పిల్లలంతా ఆ మాటలు వింటూ పెరిగినవాళ్ళే. నలభై ఐదు బై తొమ్మిది తర్వాత బై పది, ఆ తర్వాత బై పదకొండు. అమ్మ, నాన్న అన్న మాటల తర్వాత వాళ్ళు నేర్చుకునేవి ఇవే.

ఆ సాయంత్రం ఆపా నా కూతుర్ని పిలిచి, "మూడు బై నాలుగు మీద నిలబడవే" అంది. నా కూతురు తడుముకోకుండా నడుచుకుంటూ పోయి, ఒకటి దాటి, రెండు దాటి, మూడు కూడా దాటి, ఇంకో పాదం ముందుకేసి ఆగింది. రైతుల ఇళ్ళ పిల్లలు గొల్లున నవ్వారు. వాళ్ళకి అది ముప్పావని తెలుసు, ఒకటికంటే తక్కువని తెలుసు. ఆపా వాళ్ళని నోరు మూయించి, పట్టాల గ్యాంగులో పనిచేసే అతని కొడుకుని పిలిచింది. వాడూ పోయి నా కూతురి పక్కనే నిలబడ్డాడు. పాయింట్స్‌మ్యాన్ కూతుర్ని పిలిచింది. ఆ పిల్లా అక్కడే.

"ఏమే, ఎందుకే అక్కడ?" అని అడిగింది ఆపా.

"మూడో కిలోమీటరు దాటినాక నాలుగో స్తంభం కదా ఆపా" అంది నా కూతురు, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

నేను ఇంట్లో బియ్యం ఏరుతున్నాను. ముందు మాడిన పాల వాసన వచ్చింది, దాని వెనకాలే ఆపా వచ్చింది. నుదుటి మీద అయిదు వేళ్ళూ అచ్చుపడి ఉన్నాయి. "ఏమే! నీ కూతురు మొద్దు కాదే! రైల్వే పిల్లలు ఎవరూ మొద్దులు కాదు! స్తంభాలే, స్తంభాలు!" అని నా భుజాలు పట్టుకుని ఊపేసింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చేటలో బియ్యం మాత్రం సగం నేలపాలయ్యాయి.

నెమ్మదించాక చెప్పింది. బళ్ళో రైల్వే పిల్లలకి లెక్కలు రావని ఒక పేరు పడిపోయింది. దశాంశాల్లో కూడా వీళ్ళంతా ఒకటే తప్పు చేస్తారు. నలభై ఐదు పాయింటు తొమ్మిది పెద్దదా, నలభై ఐదు పాయింటు పన్నెండు పెద్దదా అంటే పన్నెండే అంటారు. ఎందుకంటే వీళ్ళ నాన్నలు తొమ్మిదో స్తంభం దాటాకే పన్నెండో స్తంభానికి పోతారు. "స్తంభం మీద కింద రాసింది భాగం కాదే, పేరు! ఒక కిలోమీటరుకి పదహారుంటయ్, ఇంకోదానికి పద్దెనిమిదుంటయ్. ముక్కలంటే సమంగా ఉండొద్దూ?" అంది. అని ఉన్నట్టుండి గడప మీద కూర్చుండిపోయింది.

"నేను గేట్‌మ్యాన్ కూతుర్నే" అంది. "అప్పట్లో టెలిగ్రాఫ్ స్తంభాలకీ ఇట్టాగే నంబర్లుండేయి. మా అబ్బా ఒళ్ళో కూర్చుని చదివేదాన్ని. బళ్ళో నేనూ అట్టాగే మూడు దాటి నిలబడ్డా. ఎందుకు నిలబడ్డావే అని నన్ను ఒక్కళ్ళూ అడగలా."

ఆమె పదో తరగతి లెక్కల్లో తప్పిందని నాకు అప్పుడే తెలిసింది. ఒకసారి కాదు, రాసినప్పుడల్లా. ఇక రాదని పెళ్ళి చేసేశారు. ఆ మాటలు చెప్తుంటే ఆమె గొంతు మొదటిసారి చిన్నదైంది.  కానీ చిన్నదైన గొంతుతో ఆపా ఎంతసేపని ఉంటుంది? లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుని, "నేను మళ్ళీ రాస్తా. ఓపెన్ స్కూల్లో ఫీజు కడతా. నాకు లెక్కలు రాకపోవడం కాదు, నా తప్పు ఎక్కడిదో నాకే తెలవకపోవడం. ఇప్పుడు తెలిసిందిగా!" అంది.

ఈ కబురు విని భాయ్ తేలిగ్గా నవ్వేశాడు. చెడ్డవాడు కాదు, చేతికి పని తప్ప నోటికి తీపి తెలియని మనిషి. "ఈ వయసులో పదో తరగతేందే నీకు? నేను పది పాసైనోణ్ణే, ఏం ఒరిగింది? తీగె చుట్టుకుంటన్నా" అన్నాడు. ఆపా ఆయనతో వాదించలేదు. నాతో మాత్రం అంది: "ఉద్యోగం కోసం కాదే. నా మీద ఫెయిలని రాసుంది. అది నేను బతికుండగా చెరపాల."

ఆ ఆదివారం పొద్దున ఆమె పిల్లలందర్నీ పోగేసి డొంకదారికి తీసుకుపోయింది. పట్టాలకి పక్కనే, కాస్త ఎడంగా, గేటు నుంచి పొలాల్లోకి పోయే మట్టిబాట అది. మా ఆయన్ని కూడా లాక్కొచ్చింది. పట్టాల మీదికి ఒక్కరూ పోకూడదన్న ఒట్టు మీద ఆయన ఒప్పుకున్నాడు. నలభై ఐదో కిలోమీటరు రాయి నుంచి నలభై ఆరో రాయిదాకా టేపు పట్టి, వంద మీటర్లకొకరి చొప్పున పిల్లల్ని నిలబెట్టాడు. నలభై ఐదు పాయింటు ఒకటి, పాయింటు రెండు, అలా చివర పాయింటు తొమ్మిది. చివరి పిల్లవాడు అంత దూరాన వేలెడంత కనిపిస్తున్నాడు. వాడి చేతికి ఎర్ర తువ్వాలు ఇచ్చారు. "పాయింటు తొమ్మిదీ!" అని ఆపా అరిస్తే అక్కడ తువ్వాలు ఊగింది. మిరపచేలో కాయ కోస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూడటం మొదలుపెట్టారు.

"ఇప్పుడు నలభై ఐదు పాయింటు పన్నెండు! పోవే, పోయి నిలబడు!" అంది నా కూతురితో.

అది పరుగెత్తింది. పిల్లలందర్నీ దాటుకుంటూ, జడలు ఎగురుతుంటే, ఆ చివర తువ్వాలు పిల్లవాణ్ణి కూడా దాటి దుమ్ములో పోయింది. మేమంతా దాని వెనకాల. ఆపా చెప్పులు చేత్తో పట్టుకుని మరీ. అది తొమ్మిది తర్వాత పది, పదకొండు, పన్నెండు అని వంద మీటర్ల చొప్పున వెతుక్కుంటూ పోతోంది. పది అనేసరికి ఎదురుగా నలభై ఆరో కిలోమీటరు రాయి. అది రాయి ముందు బ్రేకు వేసినట్టు ఆగిపోయింది. రాయి వంక చూసింది, వెనక్కి చూసింది.

"ఆపా! పది కాడికే నలభై ఆరు వచ్చేసింది! పన్నెండుకి చోటు లేదు!"

"ఉంటది! ఏడ దాక్కుందో చూడు! పాయింటు పక్కన మొదట ఎవరున్నారు?"

"ఒకటి."

"అయితే ఆ ఒకటి పిల్లోడి కాడికి పో. అక్కణ్ణుంచి ముందుకి చిన్న ముక్కలు, వందని పది చేసి రెండు!"

నా కూతురు మొహం అప్పుడు ఎలా మారిందో నాకింకా కళ్ళకి కట్టినట్టే ఉంది. నోరు తెరుచుకుంది, కళ్ళు ఇంతలయ్యాయి. ఒక్క కేక పెట్టి వెనక్కి తిరిగింది. వచ్చిన దారంతా మళ్ళీ పరుగు. దారిలో నిలబడ్డ పిల్లలకి విషయం అర్థమై, ఒక్కొక్కరే "వెనక్కే! ఇంకా వెనక్కే!" అని గంతులేస్తున్నారు. ఎక్కడో ముందుందనుకున్నది అంత వెనక ఉందా అని నాకే ఒళ్ళు జలదరించింది. నేను డిగ్రీ చదివాను, పాయింటు పన్నెండు చిన్నదని నాకు ఎప్పుడో తెలుసు. కానీ అది ఎంత చిన్నదో, తొమ్మిది నుంచి ఎంత పరుగెత్తితే వస్తుందో నా కాళ్ళకి ఆ రోజే తెలిసింది. ఒకటో పిల్లవాణ్ణి చేరి, మా ఆయన పట్టిన టేపు చూసుకుంటూ ముందుకి ఇరవై మీటర్లు నడిచి, అది రొప్పుతూ నిలబడింది. చేలో ఆడవాళ్ళు కూడా ఈల వేశారు.

ఒకటో చోటున్న పిల్లవాడు ఊరుకోకుండా, "ఆపా, మరి పాయింటు పది ఎవరు?" అన్నాడు.

ఆపా వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. ఆ తర్వాత నుదురు కొట్టుకుంది. "నువ్వేరా! పాయింటు ఒకటీ నువ్వే, పాయింటు పదీ నువ్వే! నీకు రెండు పేర్లురా!" అని వాణ్ణి ఎత్తుకుని గిర్రున తిప్పింది. ఆ సమాధానం ఆమెకి కూడా అప్పుడే తట్టిందని మొహం చూస్తే తెలిసిపోయింది. దాచుకునే అలవాటు ఆమెకి లేదు.

సాయంత్రం వరండాలో నా కూతుర్ని మళ్ళీ పిలిచి, మొన్న నిలబడ్డ చోటే నిలబడమంది. "నువ్వు తప్పు చోట నిలబడలా. ఆ చోటికీ ఒక సంఖ్య ఉంది. అది మూడుంబావు. నేనడిగింది వేరేవాళ్ళని, ముప్పావుని. ఒకటిని నాలుగు చేసి మూడు తీసుకో, అప్పుడు వాళ్ళిల్లు దొరుకుద్ది" అంది. నా కూతురు వెనక్కి నడిచి ఒకటికి ఇవతల ఆగింది. మళ్ళీ ఎన్నడూ అది ఆ దారి తప్పలేదు.

ఆ ఏడాది ఆపా మనిషి కాదు, తుఫాను. బట్టలు పిండుతూ లెక్కలు చెప్పుకునేది, దండెం మీద ఆరేసిన దుప్పటికి సుద్దతో గుర్తులు పెట్టేది. పరీక్ష గురజాలలో పడింది. తోడుగా నేనూ వెళ్ళాను. బస్సులో ఆమె లెక్కల పుస్తకం తెరవను కూడా తెరవలేదు. "ఈసారి కూడా పోతే ఇక పిల్లల ముందు ఏ మొహం పెట్టుకుని కూర్చుంటా?" అంది. అంతకుముందు ఆమె నోట ఇలాంటి మాట నేను వినలేదు. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

అందరూ బయటికి వచ్చాక, ఆఖర్న వచ్చింది. మొహం వెలిగిపోతోంది. హమ్మయ్య అనుకుని, "ఎట్టా రాశావు?" అన్నాను.

"పాయింటు నాలుక్కీ పాయింటు అయిదుకీ మధ్యన ఉండే సంఖ్య ఒకటి రాయమన్నాడే! పాయింటు నలభై ఒకటి రాశా. మళ్ళీ దానికీ నాలుక్కీ మధ్యన ఇంకోటి ఉందిగా? అదీ రాశా. మళ్ళీ దానికీ దీనికీ మధ్యన! పేజీ నిండిపోయింది, అయినా అయిపోలా! అయిపోదే అది, ఎప్పటికీ అయిపోదు!"

"చివరి ప్రశ్నలు?"

"బెల్లు కొట్టారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒకటి రాయమంటే ఒకటి రాసి చావలేవా? నీకు పాసు కావాలా, పండగ కావాలా?" అని బస్టాండులో అందరి ముందూ అరిచాను. ఆపా తప్పుచేసిన పిల్లలా తల దించుకుంది. కానీ పెదాలు మాత్రం నవ్వుతున్నాయి. నా కోపం ఎంతసేపు నిలబడుతుంది? ఇద్దరం నిమ్మకాయ సోడా తాగి బస్సెక్కాం.

ఫలితాలొచ్చిన రోజు నా కూతురే ఫోనులో చూసింది. వరండా నిండా పిల్లలు. లెక్కల్లో ముప్పై ఎనిమిది. గీత దాటింది, అంతే, కానీ దాటింది! ఆపా పెట్టిన కేకకి పావురాలు లేచిపోయాయి. పిల్లలు ఆమె చుట్టూ చేరి గెంతారు. నేను ఏడ్చేశాను. భాయ్ షాపు నుంచి వచ్చి, సంగతి విని, "మంచిది" అని ఒక్క మాట అనేసి లోపలికి పోయాడు. ఆయన మొహం అదోలా ఉండటం నేను చూశాను. భార్య గెలిస్తే ఇంత కడుపుమంటా అని మనసులో తిట్టుకున్నాను కూడా.

ఆపా పాసై ఊరుకోలేదు. వారం తిరక్కుండా గోడ మీద ఒక అట్ట కట్టింది. 'లెక్కల్లో ఫెయిలైన పెద్దవాళ్ళకి ఆదివారం' అని. ఎవరొస్తారు, నవ్విపోతారు అని నేనన్నాను. ఆదివారం నా కూతుర్ని పిలవడానికి వెళ్ళేసరికి వరండాలో గేటు కాడ టీకొట్టు ఆమె, క్వార్టర్ల నుంచి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, సిగ్గుపడుతూ పిల్లల వెనక కూర్చుని ఉన్నారు. ఆపా సంబరంగా గీత గీయబోతోంది.

అప్పుడు లోపలి నుంచి భాయ్ వచ్చాడు. చేతులకి గ్రీజు లేకుండా సబ్బుతో రుద్ది కడుక్కున్నట్టున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. వచ్చి, ఎవరినీ చూడకుండా, ఆడవాళ్ళకి కాస్త ఎడంగా గచ్చు మీద కూర్చున్నాడు.

"ఏంది? టీ కావాలా?" అంది ఆపా.

"కాదు."

"మరి?"

"నేనూ ఫెయిలే" అన్నాడు భాయ్. "పెళ్ళిచూపులప్పుడు మా వాళ్ళు పాసని చెప్పారు. ఇక అదే చెప్పుకుంటూ వచ్చా."

 ఆయన తల ఎత్తకుండానే మాట్లాడాడు. "ముప్పావు హెచ్‌పీ మోటారంటే నా చేతులకి తెలుసు. దాని ప్లేటు మీద సున్నా పాయింటు డెబ్భై ఐదని ఉంటది. రెండూ ఒకటేనని చెప్పినోళ్ళు లేరు. పాసైనోణ్ణి కదా, ఎవర్ని అడిగేది? కళ్ళజోడు తేలేదని చెప్పి ఇంకోళ్ళ చేత చదివించుకునేవాణ్ణి."

 ఆపా అలా నిలబడి ఆయన వంక చూస్తూనే ఉంది. కళ్ళ నుంచి ధారగా నీళ్ళు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు. తర్వాత వంగి ఆయన చేతికి సుద్దముక్క ఇచ్చి, పిల్లల్ని జరిగి ముందు వరసలో చోటివ్వమంది.